గ్రూపు ఫోటోలో లేని పిల్ల

నా చిన్నప్పటి ఫోటో ఒకటి కావాలట. పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు వేసి పంపాను. చివరి పేజీలో కథలు రాసినవారితో పాటు బొమ్మలు వేసినవారి గురించి కూడా నాలుగు మాటలు అచ్చు వేస్తారట. "చిన్నప్పటి ఫోటో అయితే పిల్లలకు సరదాగా ఉంటుందండీ. మీ మొదటి బొమ్మ ఎప్పుడు వేశారో కూడా రెండు ముక్కలు రాసి పంపండి" అని ప్రచురణ సంస్థ అమ్మాయి ఫోనులో మర్యాదగా అడిగింది. సరేనన్నాను.

నా చిన్నప్పటి ఫోటో ఒకటే ఉంది. ఐదో తరగతి పిల్లలందరితో తీసిన గ్రూపు ఫోటో. బీరువాలో పాత చీరల కింద, కవరులో ఉంటుంది. తీసి బల్ల మీద పెట్టాను. పెట్టిన దగ్గర్నించి రెండు రోజులు పని సాగలేదు.

ముందు వరసలో నేల మీద కూర్చుని, ఒళ్ళో పలక పట్టుకుని ఉన్నది నేనే. పలక మీద తరగతి పేరు, చుట్టూ పూలతీగ. ఆ తీగ వేసిందీ నేనే. అందరి ముఖాలూ కెమెరా వైపు ఉన్నాయి. నా కళ్ళు మాత్రం పక్కకు, బడి గేటు వైపు చూస్తున్నాయి.

మొదటి బొమ్మ గురించి ఎవరు అడిగినా ఇన్నేళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నాను: మా నాయన అంగట్లో అట్టముక్కల మీద వేశానని. అది అబద్ధం కాదు. కానీ ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఆ ముఖం ఇలా ఉంటుందని చెబితే వేసిన మొదటి బొమ్మ వేరే ఉంది. దాని గురించి ఎక్కడా చెప్పలేదు.

మాది తిరుచానూరు. అమ్మవారి గుడికి పోయే వీధిలో నాయనకు పటాల అంగడి ఉండేది. దేవుళ్ళ బొమ్మలు కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటికి గాజు వేసి, చుట్టూ చెక్క చట్రం బిగించి, వెనక అట్ట పెట్టి, సన్నమేకులు కొట్టి అమ్మేవాడు. కొండకు పోయి వచ్చిన యాత్రికులు కొనుక్కునేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఎక్కువగా చనిపోయినవాళ్ళ ఫోటోలు తెచ్చి పటం కట్టించుకునేవాళ్ళు. అంగట్లో ఎప్పుడూ మైదా జిగురు వాసన, కోసిన చెక్క వాసన, పైన కప్పుకు కట్టిన ఊదొత్తుల వాసన కలిసి ఉండేవి. గాజు కోసేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడుకు దారిన పోయేవాళ్ళు పళ్ళు బిగపట్టేవాళ్ళు. నాకు అది అలవాటైపోయింది.

బడి విడిచిపెట్టగానే నేను అక్కడే. అమ్మ మధ్యాహ్నం మిగిలిన సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి ఆకులో కట్టి పంపేది. తింటూ, మిగిలిన అట్టముక్కల మీద పెన్సిలుతో గోడమీది దేవుళ్ళనే చూసి వేసేదాన్ని. లక్ష్మి, సరస్వతి, వేణుగోపాలుడు. ఎవరిని వేసినా ఒకటే ముఖం వచ్చేది. పెద్ద కళ్ళు, చిన్న మూతి.

మా అవ్వకు ఇది నచ్చేది కాదు. "ఆడబిడ్డకు ఈ బొమ్మల పిచ్చేందిరా? రేపు సంగటి గెలకమంటే కుండ మీద బొమ్మలేస్తా కూసుంటాది" అనేది నాయనతో.

"ఏసుకోనీలేమ్మా. అట్టలు పారేసేవే గదా" అనేవాడు నాయన. ఆయన మాటలు తక్కువ మనిషి.

ఒకసారి గజలక్ష్మి పటంలో రెండు ఏనుగుల కాలిగోళ్ళకూ ఎర్ర సిరా పూశాను. నాయన చూసుకోకుండా దానికి గాజు బిగించేశాడు. అరవదేశం నుంచి వచ్చిన ఒకావిడ అదే ఏరుకుని, "అయ్యో, ఏనుగుకు మరుదాణి పెట్టినారే!" అని మురిసిపోతూ కొనుక్కుపోయింది. మరుదాణి అంటే గోరింటాకు. నాయన నావైపు ఓరగా చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి అట్టముక్కల్లో బాగున్నవి ఏరి నాకోసం ఒక పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

నా స్నేహితురాలి సంగతి చెప్పాలి. పేరు రాయను. వాళ్ళమ్మ గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది. నేను అత్తా అని పిలిచేదాన్ని. భర్త ఎప్పుడో పోయాడు. ఆమెకు ఆ పిల్ల ఒక్కతే. నా స్నేహితురాలు పొద్దున్నే లేచి అమ్మతో పాటు రెండు బుట్టల పూలు కట్టి, ఆ తర్వాత బడికి వచ్చేది. దగ్గర కూర్చుంటే మరువం వాసన వచ్చేది. అరటినార లాగి లాగి చూపుడువేలు మీద సన్నటి గీత పడి ఉండేది. పొట్టి పిల్ల. ముందు పన్ను ఒకటి సగం విరిగింది. అందుకని నవ్వినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. బెంచీ మీద మేమిద్దరం పక్కపక్కనే.

ఆ బడిలో ఐదో తరగతే ఆఖరు. పరీక్షల ముందు అందరికీ గ్రూపు ఫోటో తీస్తారని చెప్పారు. తిరుపతి నుంచి ఫోటోలాయన వచ్చాడు. మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ కప్పిన పెద్ద కెమెరా. మా అయ్యవారు నన్ను పిలిచి పలక ఇచ్చి, "నీ చెయ్యి బాగుంటాది గదా, బాగా రాసి చుట్టూ పూలెయ్యి" అన్నాడు. నేను అరగంట కూర్చుని తీగ వేశాను. నాలుక బయటపెట్టి మరీ వేశాను. పలక నేనే పట్టుకుంటానని నా మనసులో ఉంది.

తీరా వరసలు కట్టేటప్పుడు అయ్యవారు పలక నా చేతిలోంచి తీసుకున్నాడు. "నువ్వు పొడుగ్గా ఉండావు, ఎనక నిలబడు" అని, పలక తీసుకుపోయి నా స్నేహితురాలి చేతిలో పెట్టాడు. "నువ్వు ముందర కూసో. పూలు పెట్టుకోనుండావు, బాగుండాది."

ఆ పిల్ల నావైపు చూసి నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. నన్ను వెక్కిరించడానికి కాదు, సంబరంగా. ఆ మాట ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు అది వెక్కిరింతలాగే అనిపించింది.

ఫోటోలాయన ఇంకా నల్లగుడ్డలో తల దూర్చి ఏదో సరిచేసుకుంటున్నాడు. మేమందరం నీడలో నిలబడి ఉన్నాం. ఆ పిల్ల నా ముందు ఉంది. తెల్ల రవిక. నా చేతిలో సిరా కలం.

"కదలొద్దు. నీ పూలు జారిపోతా ఉండాయి, సరిచేస్తా" అన్నాను.

ఆమె కదలకుండా నిలబడింది. తల కొంచెం వంచి, నాకు వీలుగా. ఒక చేత్తో జడ పక్కకు పట్టుకుని, రెండో చేత్తో రవిక వీపు మీద గాడిదను వేశాను. సిరా గుడ్డలో పాకింది. అయినా గాడిద గాడిదలాగే వచ్చింది, చెవులు, తోక, నాలుగు కాళ్ళతో.

"అయిపాయెనా?" అని అడిగింది.

"ఆ, అయిపాయె" అన్నాను.

ఆమె పలక పట్టుకుని ముందుకు నడిచేసరికి వెనక ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఎందుకో తెలియక తనూ నవ్వింది. అప్పుడు ఎవరో వీపు చూపించారు. ఆమె వీపు చూసుకోలేక గుండ్రంగా రెండుసార్లు తిరిగింది. ఆ తర్వాత పలక నేల మీద పెట్టేసి, గేటు దాటి ఇంటివైపు పరిగెత్తింది.

"అవతల ఇంకో బడికి పోవాలండీ, ఎండెక్కితే నీడలు పడతాయి" అని ఫోటోలాయన తొందరపెట్టాడు. అయ్యవారు కాసేపు గేటు వైపు చూశాడు. తర్వాత పలక తీసి, "నువ్వే రాసింటివి గదా, నువ్వే పట్టుకో" అని నన్ను ముందు కూర్చోబెట్టాడు. నేను కోరుకున్నది నా ఒళ్ళోకి వచ్చింది.

ఫోటోలాయన స్టాండు మడుస్తుండగా ఆమె వచ్చింది. ఆదివారాలు వేసుకునే పచ్చ రవిక తొడుక్కుని, ఒగరుస్తూ, గేటు దగ్గర నిలబడింది.

"అయిపాయెమ్మా" అన్నాడు అయ్యవారు.

రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చి ఎప్పటిలాగే నా పక్కన కూర్చుంది. అయ్యవారు బెత్తం పట్టుకుని, "ఎవురు చేసినారో చెప్పు" అని అడిగాడు. తరగతిలో అలాంటి గాడిదను వేయగలిగేది ఎవరో గోడలకు కూడా తెలుసు. ఆమె లేచి నిలబడి, "తెలీదయ్యోరా" అంది.

మధ్యాహ్నం గంట కొట్టాక నా చెవి దగ్గరకు వచ్చి, "ఆ గాడిద ఎనక కాళ్ళు బలే ఏసినావు మే. అమ్మ సబ్బు పెట్టి రుద్దినా పోలే, అప్పుడు సూస్తి. నాకూ నేర్పీ" అంది.

నేను తప్పైపోయిందని అనలేదు.  పలక తీసి గాడిద వెనక కాలు ఎలా వంగుతుందో చూపించాను. ఆమె వేసింది కుక్కలా వచ్చింది. దాన్ని చూసి తనే పెద్దగా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నవ్వింది.

ఆ తర్వాత ఎండాకాలం అంతా మామూలుగానే గడిచింది. పెద్దబడిలో ఇద్దరం చేరాం. వానలు మొదలయ్యాక వీధిలో చాలామందికి జ్వరాలు వచ్చాయి. ఆమెకూ వచ్చింది. మూడు రోజులు ఇంట్లో ఉండి, నాలుగో రోజు తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయారని అమ్మ చెప్పింది. ఐదో రోజు పొద్దున అవ్వ నన్ను బడికి పంపలేదు. ఎందుకని అడిగితే, "ఊరికే ఉండు" అంది. వీధి చివర్నుంచి ఏడుపులు వినిపించాయి. పిల్లలు పోకూడదని తలుపు వేసేశారు. నేను తలుపు వెనక నిలబడి, ఆ రవిక మీది సిరా పోయిందా, అలాగే ఉందా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఇంకే ఆలోచనా రాలేదు. ఏడుపు కూడా రాలేదు.

వారం తిరిగేలోగా అత్త మా అంగడికి వచ్చింది. మెట్టు కిందే నిలబడింది.

"పటం కట్టాల అన్నా."

"రామ్మా, లోపలికి రా" అన్నాడు నాయన.

"చావు అంటు ఉండాది. దేవుండ్ల పటాలుండాయి."

"ఈడుండేవి ఇంకా కాగితాలేమ్మా. ఇండ్లకు పోయినాక గదా దేవుండ్లయ్యేది. రా."

ఆమె వచ్చి స్టూలు మీద అంచున కూర్చుంది. నాయన ఫోటో కోసం చెయ్యి చాపాడు.

"ఫోటో లేదన్నా. బడిలో తీసినారంటే పోయి అడిగితిని. అయివోరు తీసి సూపించినాడు. అందురు బిడ్డలూ ఉండారు. నా బిడ్డ లే."

నేను లోపల అట్టల కట్ట వెనక ఉన్నాను. ఆమె తలెత్తి గోడలు చూసింది.

"ఇన్ని పటాలుండాయి గదన్నా నీ అంగట్లో. దాని మొగం మాదిరిది యాడన్నా ఉంటాదేమో సూస్తా. దినం నాటికి ఏదో ఒకటి పెట్టాల గదా."

నాయన లేచాడు. ఒక్కొక్క పటమే గోడ మీంచి దించి ఆమె ముందు పెట్టాడు. బాలాత్రిపురసుందరి. చిలకను పట్టుకున్న గోదాదేవి. వెన్న తింటున్న కృష్ణుడు. ఆమె ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని, దగ్గరగా చూసి, పైట కొంగుతో గాజు తుడిచి మళ్ళీ చూసింది. "కండ్లు ఇట్లే ఉంటాయి... ఊహూ, ఇంత పెద్దవి గావు." కృష్ణుడి దగ్గర చాలాసేపు ఆగింది. "బుగ్గలు ఇవే. మొగబిడ్డ పటం పెడితే తప్పా అన్నా?"

నాయన తల తిప్పుకున్నాడు. అప్పుడు నేను ఇవతలకు వచ్చాను.

"నేనేస్తా అత్తా" అన్నాను.

ఆ రోజే కూర్చుని వేశాను. నాకు చేతనైన ముఖం ఒకటే కదా. పెద్ద కళ్ళు, చిన్న మూతి. మరుసటి రోజు వచ్చి చూసి, తల అడ్డంగా ఊపింది. "ఇది అమ్మోరు పాపా. నా బిడ్డ గాదు."

నాయన గాజు కోస్తూనే అన్నాడు: "ఆయమ్మ చెప్పేది విను. విని, అది ఏసు. నీకు ముందే తెల్సిండేది ఏసొద్దు."

ఇన్నేళ్ళలో బొమ్మల గురించి నాకు చాలామంది చాలా చెప్పారు. పనికొచ్చిన మాట అదొక్కటే.

మూడు మధ్యాహ్నాలు ఆమె నా ఎదురుగా కూర్చుంది. అంటు ఉంది కాబట్టి పూలు ముట్టకూడదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు మాత్రం ముడి వేస్తున్నట్టు వాటంతట అవే కదులుతూ ఉండేవి.

"ఎడమ కనుబొమ్మ నడిమధ్యన తెగుంటాది. నడక నేర్చేటప్పుడు గడప మీద పడింది... చెవులు కొంచిం ముందరికి వచ్చుంటాయి, వాళ్ళ నాయన చెవులు... పాపిట నేనెంత సరిగ్గా తీసినా అది దువ్వెన తీసుకోని వంకర చేసుకుంటాది."

"ఉంటాది" అనే అనేది. "ఉండేది" అని ఒక్కసారి కూడా అనలేదు.

చెరిపి వేస్తూ, చెరిపి వేస్తూ, మూడో రోజుకు కనుబొమ్మలు, కళ్ళు, ముక్కు కుదిరాయి. మూతి మాత్రం మిగిలింది. ఆమె వంగి చూసింది. వేళ్ళు కదలడం ఆగిపోయింది.

"వచ్చిందే నా తల్లి" అంది.

కాసేపటికి తనే మొదలుపెట్టింది. "ఆ పొద్దు ఫోటో తీసుంటే ఈ గతి లేదు నాకు. ఎవుతో ముదనష్టపుది దాని రవిక మీద గాడిద బొమ్మేసిందంట. ఏడ్సుకుంటా ఇంటికొచ్చె. వేరే రవిక తొడుక్కోని మళ్ళీ ఉరికె. నీళ్ళన్నా తాగి పోవే అంటే నిలబళ్ళే. తిరిగొచ్చి, 'అయిపాయెమా' అనె. ఎవురే చేసిందంటే నోరు తెరిస్తే ఒట్టు." ఆమె నావైపు తిరిగింది. "నువ్వు దాని పక్కనే గదా పాపా కూసుండేది. నీకు తెల్సా, ఎవురో?"

తెలీదు అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరకు వచ్చింది కూడా. నా స్నేహితురాలు నాకోసం అయ్యవారి ముందు అన్న మాట అది. దాన్ని నేను వాడుకోలేకపోయాను.

"నేనే అత్తా" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత నా ముఖం చూసింది, బొమ్మను చూసింది, పెన్సిలు పట్టుకున్న నా చేతిని చూసింది.

"ఈ చేత్తోనేనా?"

తల ఊపాను. ఆమె లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వెనక నాయన కోస్తున్న గాజు టప్పున వంకరగా పగిలింది. ఆయన చేతిలో గాజు అలా పగలడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. నన్ను కొట్టలేదు. నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళాక సంగతి తెలిసి అవ్వ కేకలు వేసింది: "ఆ బొమ్మ చించి పారేయండిరా! మన ఇంటికేల ఆ ఉసురు?"

"మొదులు పెట్టింది గదా. ముగించాల" అన్నాడు నాయన.

పొద్దున్నే నన్ను అంగడికి తీసుకుపోయి బొమ్మ ముందు కూర్చోబెట్టాడు. "మూతి ఏయలేదే" అన్నాడు.

"అత్త చెప్పలేదు నాయనా."

"నీకు తెలీదా?"

నాకు తెలుసు. కుక్కలాంటి గాడిదను చూసి పగలబడి నవ్విన మూతి నాకొక్కదానికే తెలుసు. విరిగిన పన్నుతో సహా ఆ నవ్వు వేశాను. వేస్తుండగా ఏడుపు వచ్చింది. కాగితం తడవకుండా ముఖం పక్కకు పెట్టుకుని ఏడ్చాను. నాయన పని ఆపి నా వెనక నిలబడ్డాడు. చివరి గీత అయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

దినం నాడు పటం గుడ్డలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆ వీధి మలుపు దగ్గర నేను ఆగిపోయాను. "ఈడే ఉండు" అని తనొక్కడే లోపలికి పోయాడు. చాలాసేపటికి వచ్చాడు.

"తీసుకునింది" అన్నాడు.

"ఏమన్నా అనిందా నాయనా?"

పటం చుట్టిన గుడ్డ మడుస్తూ చెప్పాడు. "నిన్ను వాళ్ళ ఇంటికి రావద్దనింది."

ఆ తర్వాత ఆమె మా అంగడి వైపు చూడలేదు. పూలబుట్టతో అవతలి పక్కగా నడిచిపోయేది. అమ్మతో నేను గుడికి పోయినప్పుడు, అమ్మకు మూర కొలిచి ఇచ్చి, నా తల వైపు చూసి చూడనట్టు బుట్ట మీద తడిగుడ్డ కప్పేసేది.

కానీ దినానికి వచ్చినవాళ్ళు పటం చూశారు. పిల్ల లేచి వచ్చి నవ్వుతున్నట్టుందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఫోటోలు లేని ఇళ్ళు అప్పుడు ఎన్నో. ఒకరి తర్వాత ఒకరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వయసులోనే పోయిన భార్యను వేయమని ఒక ముసలాయన వచ్చాడు. "కొంచిం కోపంగా ఏసు పాపా. కోపం లేకుంటే ఆయమ్మ ఆయమ్మే గాదు" అన్నాడు. ఇద్దరు అన్నదమ్ములు వాళ్ళ నాయన మీసం కొనలు పైకా కిందికా అని మా మెట్ల మీదే పోట్లాడుకున్నారు. పదో తరగతి దాటేలోగా నేను చాలామందిని వేశాను, ఒక్కరినీ కళ్ళారా చూడకుండా. వాళ్ళు చెప్పేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, మధ్యలో నవ్వేవాళ్ళు. నేను వినేదాన్ని. బొమ్మ పూర్తయిన ప్రతిసారీ నాకు మెప్పు వచ్చేది. ఆ మెప్పు ఎవరి చావు మీద మొలిచిందో మనసులో గుచ్చుకునేది.

తర్వాత తిరుపతిలో చదువు, అక్కడి నుంచి పట్నంలో ఒక వారపత్రికలో ఉద్యోగం. కథలకు బొమ్మలు వేయాలి. మొదటి కథ చేతికి ఇచ్చినప్పుడు భయపడ్డాను. చదువుతుంటే ఎవరో స్టూలు అంచున కూర్చుని చెబుతున్నట్టే అనిపించింది. వేశాను. "నీ బొమ్మల్లో మనుషులు ఎక్కడో చూసినవాళ్ళలా ఉంటారమ్మా" అని సంపాదకుడు అనేవాడు. ఇప్పటికీ మూతి ఆఖరునే వేస్తాను.

నాయనకు చూపు మందగించి అంగడి మూసేద్దామనుకున్న ఏడాది, సర్దడానికి సాయంగా ఊరికి వెళ్ళాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. మధ్యాహ్నం పటాలు దించి కట్టలు కడుతుంటే, పూలబుట్ట చంకన పెట్టుకుని అత్త మెట్లెక్కి లోపలికి వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. అడగకుండానే స్టూలు మీద కూర్చుంది.

"నిన్న నువ్వు బస్సు దిగేది సూస్తిని. పెద్ద ఆడమనిషివైనావు" అంది. బుట్ట కిందకు దించి పూలు ముందేసుకుంది. "మా ఇంట్లో గోడ మీద అది ఇంకా అంతే ఉండాది, చిన్నబిడ్డగా. అది గూడా ఇప్పుడు నీ అంత అయ్యుంటాది గదా. ఎట్లుంటాదో ఏసిస్తావా?"

నా చేతిలో ఉన్న పటం కింద పెట్టాను. కాగితం, పెన్సిలు వెతికి తెచ్చుకున్నాను.

"నువ్వు చెప్పత్తా" అన్నాను.

ఆమె చెప్పింది. ఆ వేళ అంటు లేదు. పూలు కడుతూనే చెప్పింది. "కొంచిం లావైంటాది. ఇద్దురు బిడ్డలు గదా... పెద్దది ఆడబిడ్డ, చిన్నోడు ఒక నిమిషం కుదురుగా ఉండడు. ముక్కుపుడక ఏసుకోనుంటాది, నాది దానికే ఇచ్చింటాను. ఆ పన్ను పెండ్లికి ముందే కట్టిచ్చింటాను... కండ్ల కింద కొంచిం అలుపు ఏసు. పనెక్కువ దానికి. పాపిట మటుకు వంకరే."

ఎండ మెట్ల మీంచి గోడ మీదకు పాకేదాకా ఆమె చెబుతూనే ఉంది, నేను వేస్తూనే ఉన్నాను. చిన్నోడి అల్లరి చెబుతూ ఒకచోట తనే నవ్వింది. గాడిద సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించానని ఆమె అనలేదు, ఆ మాట కోసమే వచ్చిందని కూడా నేననుకోను. తన బిడ్డ ముఖం ఆమెకు కాక ఇంకెవరికైనా తెలుసంటే అది నా చేతికొక్కదానికే. అందుకు వచ్చింది.

బొమ్మ చేతికి ఇచ్చాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "అలిసిపోయుండాది" అని, చూపుడువేలితో ఆ కళ్ళ కింద నిమిరింది.

నాయన మాకేసి చూస్తూ ఉండి, అలవాటు చొప్పున చట్రం ముక్క ఒకటి తీసి, కొలవడానికి దారం చేతిలోకి తీసుకున్నాడు.

"వద్దన్నా" అంది ఆమె గబుక్కున. "దీనికి పటం కట్టొద్దు. పటం కడితే దండ ఎయ్యాల."

కాగితాన్ని మెల్లగా చుట్టి, అరటినారతో ముడివేసి, పూలబుట్టలో పైన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె కాలం చేసి చాలా ఏళ్ళయింది. నాయనా లేడు, అంగడీ లేదు. ఆ స్థలంలో ఇప్పుడు లాడ్జి ఉంది. అత్త ఇంట్లోకి వచ్చిన బంధువులు గోడమీది చిన్నపిల్ల పటం తీయలేదని, ఆమె పటం పక్కనే ఉంచారని ఊరివాళ్ళు చెప్పారు. చుట్టి ఇచ్చిన రెండో బొమ్మ గురించి ఎవరికీ తెలిసినట్టు లేదు. నేను అడగలేదు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఉండి ఉంటే తనకూ అంతే. ఈ వయసుకు ఎలా ఉండేదో వేయాలని రెండు మూడుసార్లు కూర్చున్నాను. కనుబొమ్మ వస్తుంది, వంకర పాపిట వస్తుంది. ఆ పైన చెయ్యి సాగదు. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.